జాలి లేని బండి

పాతబస్తీలో శాలిబండ ఎత్తు మీద రోడ్డు తవ్వి, పైపులు దించి, గుంత నిండా కంకర కుమ్మరించి, తారు వెయ్యకుండా వెళ్ళిపోయిన పెద్దమనుషులారా, తప్పు మీది. ప్రీతిది కాదు. ఆమె కారుది కాదు. పన్నెండు రోజులుగా ఒకరి గుమ్మం ఒకరు తొక్కని ఆ రెండు ఇళ్ళది అసలే కాదు. రెండు నెలలుగా మీ కంకర టైర్ల కింద నలుగుతూ, ఎగురుతూ, దుకాణాల అద్దాలకూ ఆటోవాలాల మోకాళ్ళకూ తగులుతోంది. "పనులు జరుగుచున్నవి, సహకరించగలరు" అని ఒక రేకు బోర్డు పాతి పోయారు. సహకరించాం. ఆ బోర్డుకే ఇప్పుడు రాళ్ళు తగిలి సొట్టలు పడ్డాయి, వెళ్ళి చూసుకోండి.

పోయినవారం చదవనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ప్రీతికి ఇరవై ఏడేళ్ళు. సొంత కారు నడుపుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ టర్బో బండి. వీధిలో ఆడవాళ్ళకు ఆసుపత్రి, పెళ్ళి, దర్గా ఏదైనా ప్రీతి బండే. మంగళవారం, శుక్రవారం మాత్రం పొద్దున ఆ బండి ఖైసర్ బేగంది. ఆమెకు డయాలసిస్. ఖైసర్ బేగం భర్త నసీరుద్దీన్ రేడియేటర్ల మెకానిక్. సందు మొదట్లో దుకాణం, వెనకాల ఇల్లు. ప్రీతికి స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. అలాంటిది పన్నెండు రోజుల కిందట ఆయన ఒక మాటన్నాడని ప్రీతి తల్లి సుందరమ్మ ఇంటికొచ్చి చెప్పింది: "నీకు జాలి లేదన్నడు, నసీర్ భాయ్." దానికి ముందురోజే ప్రీతి ఇంకో కిరాయిలో ఇరుక్కుపోయి, ఖైసర్ బేగంను అరగంట సేపు ఆసుపత్రి మెట్ల మీద కూర్చోబెట్టింది. అందుకే ఆ మాట సూటిగా వచ్చి దిగింది.

అప్పటినుంచి ప్రీతి ఆ దుకాణం వైపు చూడలేదు. మంగళవారం, శుక్రవారం మాత్రం మానలేదు. ఖైసర్ బేగం రెండుసార్లు ఏదో చెప్పబోతే రేడియో సౌండు పెంచింది. ఇక మొన్న మంగళవారం ఏం జరిగిందో చూశాం: శాలిబండ ఎత్తు సగం ఎక్కాక బండి ముందునుంచి బుస్సుమని శబ్దం, వెనకనుంచి నల్లటి పొగ. ఎంత తొక్కినా లాగలేదు. ఖైసర్ బేగంను దింపి షేర్ ఆటో ఎక్కించాల్సి వచ్చింది. గంటన్నర ఆలస్యం. నాలుగు గంటలు ఉండాల్సిన మెషిన్ మీద రెండున్నర గంటలే ఉంచారు, తర్వాతి పేషెంటు వచ్చి కూర్చున్నాడని. ఆ రాత్రికే ఆమె పాదాలు ఉబ్బాయి. శుక్రవారం మాత్రం టైముకు రావాలి, పూర్తిగా నాలుగు గంటలు ఉండాలి అని డాక్టరు కాగితం మీద రాసి కింద రెండు గీతలు కొట్టాడు.

ఇవాళ గురువారం. రేపు ఏడింటికి మెషిన్.

*

పొద్దున తొమ్మిదింటికి ప్రీతి బండిని ఫస్ట్ గేరులో పాకించుకుంటూ నసీరుద్దీన్ దుకాణం ముందుకు తెచ్చి ఆపింది. ఇష్టమై తేలేదు. బుధవారం పురానాపూల్ దగ్గర ఒక మెకానిక్ బానెట్ ఎత్తి చూడకుండానే టర్బో మొత్తం పోయిందనీ, మార్చాలనీ, వారం పడుతుందనీ చెప్పాడు. వారం అన్న మాట వినగానే ఆమెకు ఆ ఉబ్బిన పాదాలు కళ్ళ ముందు కనపడ్డాయి. కోపం సంగతి తర్వాత అనుకుంది.

అనుకుంది కానీ, దిగగానే కోపమే ముందు దిగింది.

నసీరుద్దీన్ ఒక బస్సు రేడియేటర్‌ను మోకాళ్ళ మధ్య పెట్టుకుని దువ్వెనతో దాని రేకులు సరిచేస్తున్నాడు. తలెత్తలేదు. ఆయనకూ కోపమే. కబురు పంపితే రాలేదని, పెద్ద డ్రైవర్ అయిపోయిందని.

"బండి పోయింది చాచా," అంది ప్రీతి. "జాలి లేనిదాని బండి. జర చూస్తవా, లేకుంటే జాలి ఉన్నోళ్ళ బండ్లే చూస్తవా?"

నసీరుద్దీన్ దువ్వెన ఆపాడు. ఆమె మాటలో వెటకారం వినిపించింది కానీ దాని తల ఏదో తోక ఏదో అర్థం కాలేదు. "జాలి లేదనే గద కబురు చేసిన," అన్నాడు మామూలుగా. "పన్నెండు దినాలైంది. ఇప్పుడొచ్చినవ్."

ప్రీతి ముఖం నల్లబడింది. మనిషి తిట్టింది చాలక, తిట్టాననే మళ్ళీ చెబుతున్నాడు. వెనకాలే వచ్చిన సుందరమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. విన్నావు కదా, నేను అబద్ధం చెప్పలేదు కదా అన్నట్టు కూతురి వైపు చూసింది.

నసీరుద్దీన్ అప్పటికే బండి ముందు చాప పరిచి పడుకున్నాడు. మనుషుల కోపాలు ఎక్కడికీ పోవు, ఉంటాయి. బండి బుస్సుమనడం మాత్రం ఆయన చూడలేడు. బంపర్ విప్పాడు. దాని వెనక, నేలకు జానెడు ఎత్తులో ఉన్న ఒక పొడుగాటి అల్యూమినియం డబ్బాను పైపుల నుంచి ఊడదీసి బయటికి లాగాడు. ఇంటర్‌కూలర్. దాని ముఖం నిండా సన్నని రేకులు. సగం రేకులు ఎవరో గుద్దినట్టు ఒరిగిపోయి ఉన్నాయి.

డబ్బా ఒక మూతికి రబ్బరు బిరడా కొట్టి, రెండో మూతికి గాలి గొట్టం తగిలించి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. మెల్లగా గాలి వదిలాడు. కింది మూలనుంచి బుడగలు బుడబుడమని లేచాయి. అక్కడ వేలు పెట్టి తడిమి, సన్నని పట్టకారుతో రేకుల మధ్యనుంచి ఒక రాయిని లాగి, కడిగి, ప్రీతి అరచేతిలో పెట్టాడు.

చింతగింజంత నల్ల కంకర.

"ఇగో, నీ టర్బో పోలేదు," అన్నాడు. "టర్బో ఏం చేస్తది? గాలిని పిండి ఇంజిన్‌లకు తోస్తది. పిండిన గాలి కాగుతది. కాగిన గాలి ఈ డబ్బాల నుంచి పోయి సల్లగై పోవాలె. డబ్బాకు బొక్క పడ్డది, గాలంత ఈడనే బయటికి పోతున్నది. ఇంజిన్‌కు ఊపిరి అందకపోతే ఎత్తు ఎట్ల ఎక్కుతది? ఈ మాట సందు సందు తిరిగి చెప్పాల్నా? జాలి లేదు, జాలి లేకుంటే ఈ బండి ఆ రోడ్డు మీద బతకదు అని చెప్పి పంపిన గద."

ప్రీతి రాయి వైపు చూసింది. ఆయన వైపు చూసింది.

"ఏం జాలి చాచా?"

"ఏం జాలి ఏంది. జాలీ." ఆయన లేచి లోపలి గోడ మేకుకు వేలాడుతున్నదాన్ని తీసి తెచ్చాడు. "ఇగో."

ఉక్కు తీగల జాలీ. ప్రీతి బండి ముందు కన్నం ఎంత ఉందో సరిగ్గా అంత. నాలుగు అంచులకూ, ఎక్కడా రాసుకోకుండా, పాత సైకిల్ ట్యూబు చీల్చి కుట్టి ఉంది. పై అంచున నాలుగు చోట్ల తీగ కొక్కేలు. మీద దుమ్ము పడి ఉంది. పన్నెండు రోజుల దుమ్ము.

తొట్టిలో ఇంకా బుడగలు లేస్తూనే ఉన్నాయి.

వెనక గదికి కట్టిన పర్దా కదిలింది. ఖైసర్ బేగం వచ్చి అక్కడున్న స్టూలు మీద మెల్లగా కూర్చుంది. లోపలినుంచి అంతా విన్నది. ముందు ఆమెకే అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు. నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ నవ్వింది. పన్నెండు రోజులు కారులో రేడియో ఎందుకు మోగిందో ఇప్పుడు తెలిసింది ఆమెకు.

"సుందరమ్మా, మా మియా ఏమన్నడే నీతోటి? అక్షరం అక్షరం చెప్పు," అంది.

సుందరమ్మ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మార్కెట్లో కూరలు ఏరుతుంటే ఆయన స్కూటర్ ఆపి అన్న మాటలు అట్లాగే అప్పజెప్పింది: ప్రీతికి చెప్పు, జాలి లేదు, జాలి లేకుండ గిట్ల తిప్పితే ఒకనాడు ఖైసర్‌ను నడిరోడ్డు మీద దించుతది. వెనకనుంచి బస్సు హారన్ కొట్టింది, ఆయన వెళ్ళిపోయాడు. బండి అన్న పేరే ఆయన ఎత్తలేదు. బండి గురించి తప్ప ఇంకో సంగతి మాట్లాడడం ఆయనకు రాదు కనక, ఎత్తక్కర్లేదు అనుకున్నాడు.

"మోరీకి జాలి ఉంటదని ఎరుక," అంది సుందరమ్మ నేల చూస్తూ. "కిటికీకి ఉంటదని ఎరుక. చాయ్ వడగట్టేదానికి ఉంటదని ఎరుక. కారుకు కూడా జాలి ఉంటదని నాకు ఎవలు చెప్పిన్రు భాయ్? ముందునాడే మీ ఆమె మెట్ల మీద కూసున్నది. నా బిడ్డను అన్నవనుకున్న."

ముప్పై ఏళ్ళు ఇదే పాతబస్తీలో రోడ్లూడ్చి రిటైరైన మనిషి. ఉర్దూలో బేరం ఆడుతుంది, తెలుగులో తిడుతుంది. జాలీ అంటే ఆమెకు తెలియక కాదు. బిడ్డ మీద నింద పడుతుందన్న భయం ముందే చెవిలో కూర్చుని ఉంది. వచ్చిన మాటను అదే పట్టుకుంది.

నసీరుద్దీన్ చేతిలోని జాలీని ముందుకు చాచాడు. తర్వాత ప్రీతితో, కొంచెం కోపంగానే అన్నాడు: "పదేండ్ల సంది నా దుకాణంల తిరిగినవ్. నేను నిన్ను గట్ల అంటనా? అంటే మాత్రం, వచ్చి నా మీద లొల్లి చేయాలె గద. చాచా గిట్లెందుకన్నవ్ అని అడగాలె గద."

ప్రీతి ఆ జాలీ అందుకుని, కొంగు లేదు కనక చున్నీతో దాని మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. ఒక్కో కన్నం తుడిచింది. కళ్ళనుంచి నీళ్ళు కారితే అవీ అదే చున్నీతో తుడుచుకుంది, దుమ్ము ముఖానికి అంటుకుంది.

"రబ్బరు నువ్వే కుట్టినవా చాచా?"

"కుట్టింది నేను," అంది ఖైసర్ బేగం. "అంతకుముందు నా నేమత్‌ఖానా తలుపు పోయింది, ఆ సంగతి అడుగు."

అన్నం, కూర, పాలు పెట్టుకునే ఆ పాత జాలీ తలుపుల అల్మారా ఆమె పెళ్ళికి వచ్చింది. నసీరుద్దీన్ మొదట దాని తలుపు జాలీ కత్తిరించి, బండి సందులో ఆగి ఉన్నప్పుడు కొలత చూశాడట. చూశాక, ఇది మరీ సన్నం, ఈగలకు సరిపోతుంది కానీ బండికి ఊపిరాడదు, రాయి రాకపోయినా గాలీ రాదు అని పక్కన పడేశాడట. ఆ రోజునుంచి పాల గిన్నె మీద ఇటుక పెడుతోంది ఆమె. పిల్లి ఇటుకను దొర్లించడం కూడా నేర్చుకుంది.

ఇప్పుడు సుందరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే తలుపు వైపు తిరిగి, పని ఉంది అని గొణిగి వెళ్ళిపోయింది. సిగ్గుపడి ఇంటికి పోయిందనుకున్నారు అందరూ.

*

నసీరుద్దీన్ బొక్కకు అల్యూమినియం అతుకు వేశాడు. మళ్ళీ తొట్టిలో ముంచాడు. ఒక్క బుడగ లేవలేదు. ఒరిగిన రేకులను ప్రీతి దువ్వెనతో ఒక్కొక్కటే నిలబెట్టింది. పదేళ్ళ కిందట ఆయన మొదట నేర్పిన పని అదే. డబ్బా ఎక్కించి పైపులు బిగించాక జాలీ వంతు వచ్చింది. డబ్బాకు ఆనించి కట్టబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆనితే రాయి దెబ్బ జాలీ మీదినుంచి రేకులకే పోతుందని, రెండు వేళ్ళ సందు ఉండాలని చెప్పి, బంపర్ లోపలి వైపు కట్టించాడు. వారానికొకసారి విప్పి వెనకవైపునుంచి నీళ్ళు పొయ్యాలి, ఆకులు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుంటే గాలి ఆగిపోతుంది. చిటికెనవేలు కన్నంలోకి దూర్చి చూపించాడు. వేలి కొన దూరింది, గోరు దాటలేదు. ఇంతే కావాలి, ఇంతకంటే చిన్నదీ వద్దు, పెద్దదీ వద్దు.

మూడింటికి బండి సిద్ధమైంది. ఎత్తు ఎక్కించి చూడాలన్నాడు. ఖైసర్ బేగం నేనూ వస్తానంది. వద్దంటే వినలేదు, మంగళవారం నన్ను దించిన ఎత్తు, నేను ఎక్కి చూస్తాను అని ముందు సీట్లో కూర్చుంది. నసీరుద్దీన్ వెనక సీట్లో, చెవి ముందుకు పెట్టుకుని.

ఎత్తు మొదలవగానే ప్రీతి మెల్లగా తొక్కింది. టర్బో సన్నగా ఈల వేసింది. బండి లాగింది. మంగళవారం ఆగిన చోటు దాటుతుంటే ఖైసర్ బేగం ప్రీతి భుజం మీద చెయ్యి వేసి తీయలేదు. ముందునుంచి టక్, టక్ అని రాళ్ళు తగులుతున్నాయి. టక్ అన్న ప్రతిసారీ వెనక సీట్లో నసీరుద్దీన్ ముఖం వెలుగుతోంది, దెబ్బ తన జాలీ మీద పడింది, డబ్బా మీద కాదు అని.

కానీ ఆ ముఖం ఎక్కువసేపు వెలగలేదు. "జాలి రాయిని ఆపుతది బేటా," అన్నాడు. "రాళ్ళు పోసేటోణ్ణి ఆపదు. ఎన్ని బండ్లకు కట్టాలె?"

ఎత్తు పైన, కంకర బాగా పరుచుకున్న చోట, ఒక మనిషి నడుం వంచి ఊడుస్తోంది. పొడుగాటి చీపురు, తలకు తువ్వాలు. బస్సులు ఆమెను చుట్టి పోతున్నాయి. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, సుందరమ్మ. దుకాణంనుంచి ఇంటికి వెళ్ళి, రిటైరైన రోజు మూల పెట్టిన చీపురు తీసుకుని వచ్చింది. పొద్దుటినుంచి ఊడుస్తోంది. బండి పోయేంత దారి నల్లగా, శుభ్రంగా కనపడుతోంది; కంకర ఒక పక్కకు గట్టు కట్టినట్టుంది. క్షమించమని అడగడం ఆమెకు రాదు. ఊడ్చడం వచ్చు.

ప్రీతి బండి ఆపి దిగబోయింది. అంతలో పైనుంచి టిప్పర్ దిగింది. మీద పట్టా లేదు. వెనక తలుపు సరిగా పడలేదు. కుదుపుకొకసారి దోసెడు కంకర రాలుతోంది. సుందరమ్మ ఊడ్చిన దారి పొడుగునా రాల్చుకుంటూ వచ్చి, గుంత దగ్గర ఆగి, మిగిలింది కుమ్మరించడానికి తొట్టి లేపబోయింది.

ప్రీతి మళ్ళీ బండెక్కింది. స్టీరింగ్ తిప్పి, కారును టిప్పర్ మూతికి అడ్డంగా పెట్టి, ఇంజిన్ ఆపింది. తాళం చెవి తీసి ఖైసర్ బేగం చేతిలో పెట్టింది. ఖైసర్ బేగం దాన్ని గాజుల కిందికి దోపుకుని, సీటు బెల్టు పెట్టుకుంది.

"చాచీ, నువ్వు దిగు. రేపు ఏడింటికి మెషిన్ ఉన్నది."

"అందుకే గద కూసున్న."

టిప్పర్ డ్రైవర్ అరవలేదు, కారులోని ముసలామెను చూసి ఫోను తీశాడు. పది నిమిషాలకు సూపర్‌వైజర్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. అప్పటికి వెనక రెండు బస్సులు, ఇరవై ఆటోలు ఆగాయి. ఆగినవాళ్ళు విసుక్కుంటూ దిగారు. సంగతి తెలిశాక ఎవరూ హారన్ కొట్టలేదు. సూపర్‌వైజర్ తన చేతిలో ఏమీ లేదన్నాడు. పని కాంట్రాక్టులో ఉందన్నాడు. పైనుంచి ఆర్డరు రావాలన్నాడు. తారు బిల్లు పాసు కాలేదన్నాడు. చివరికి ఆఖరి ఆయుధం తీశాడు: పేషెంటును పెట్టుకుని రోడ్డు ఆపడానికి మీకు జాలి లేదా అన్నాడు.

ఆ మాట వినగానే నసీరుద్దీన్ సుందరమ్మ వైపు చూశాడు. సుందరమ్మ చీపురు నిలబెట్టి, రెండు చేతులూ దాని మీద ఆనించి, మెల్లగా సూపర్‌వైజర్ ముందుకు వచ్చింది.

"ఆ మాటతోటి నేను ఒకసారి మోసపోయిన సారు, మల్ల పోను. మా బండికి జాలి ఉన్నది, ఇయ్యాలనే పెట్టినం. నీ లారీకి లేదు. ముందుగల దాని తలుపు బిగించు. మీద పట్టా కట్టు. ఇంకో నలుగురిని పిలిపియ్యి, చీపుర్లు ఇయ్యి. ఎట్ల ఊడ్వాల్నో నేను చూపిస్త. ఈ ఎత్తు మీద ఒక్క రాయి ఉన్నంతసేపు ఈ కారు కదలదు, నీ లారీ కదలదు. రేపు ఏడు కొట్టేసరికి మా ఖైసరక్క మెషిన్ మీద ఉండాలె. తారు ఆర్డరు ఎవని దగ్గర ఉంటదో వానికి ఫోన్ కలుపు. ఇప్పుడు, నా ముందట కలుపు."